వల తగాదాలో గంపలవాళ్ళ కుర్చీ: నెల్లూరు తీరంలో ఒక సంధి ప్రయత్నం

నెల్లూరు జిల్లా తీరంలో పక్కపక్కనే ఉన్న రెండు మత్స్యకార గ్రామాల మధ్య వల విషయంలో తగాదా మొదలై, రెండు సార్లు రాజీ కుదిరి, రెండు సార్లూ చెడిపోయింది. ఆ తర్వాత మూడో విడత చర్చలకు మధ్యవర్తులుగా వెళ్ళిన మా బృందం చేసిన పని గురించిన వివరణ ఇది. ఊళ్ళ పేర్లు, మనుషుల పేర్లు ఇవ్వడం లేదు. గుర్తుపట్టడానికి వీలున్న వివరాలు కొన్ని మార్చాను. సౌలభ్యం కోసం ఒకదాన్ని ఉత్తరపు ఊరు అనీ, రెండోదాన్ని దక్షిణపు ఊరు అనీ అంటాను. సంధి చర్చల్లో స్త్రీలకు చోటు ఉండాలన్న మాటను పైకి కాదనేవాళ్ళు ఇప్పుడు తక్కువ. అయితే ఆ చోటు ఏ నియమం వల్ల దక్కుతుంది, దక్కాక ఒప్పందంలో ఏ వాక్యం మారుతుంది అని అడిగితే జవాబు దొరకదు. ఉత్తర ఐర్లండ్, సైప్రస్, శ్రీలంక లాంటి చీలిన దేశాల అనుభవాలు చదువుకుని వెళ్ళిన మాకు వాటిలో ఏది మన తీరానికి పనికొస్తుందో, ఏది పనికిరాదో ఈ కేసులో కొంత తేలింది.

తగాదా, దాని బరువు

ఉత్తరపు ఊరిలో కొన్ని కుటుంబాలు సావుకార్ల దగ్గర అడ్వాన్సు తీసుకుని రింగు వలలు కొన్నాయి. దక్షిణపు ఊరిలో ఎక్కువమందికి చిన్న ఫైబర్ పడవలు, మామూలు నైలాన్ వలలు ఉన్నాయి. కవళ్ళు అనే చేపల గుంపు ఒడ్డుకు దగ్గరగా వచ్చినప్పుడు రింగు వల దాన్ని మొత్తంగా చుట్టేస్తే తమకు మిగిలేదేమీ ఉండదని దక్షిణపు ఊరు అంటుంది. తమిళనాడు వైపు నుంచి వచ్చే సోనా బోట్లు (పెద్ద మరబోట్లు) ఎలాగూ ఊడ్చుకుపోతున్నాయి, మిగిలినదాన్ని తామైనా పట్టుకోకపోతే అప్పు ఎలా తీరుతుందని ఉత్తరపు ఊరు అడుగుతుంది. రెండు వాదనలకూ బలముంది. సముద్రంలో వేటను క్రమబద్ధం చేయడానికి రాష్ట్రంలో 1994 నుంచి చట్టం ఉంది. ఏ వల చెల్లుతుంది, ఏది చెల్లదు అన్నది మత్స్యశాఖ తేల్చవలసిన విషయం కాబట్టి ఆ తీర్పు మేము నెత్తికెత్తుకోలేదు.

పడవలు పట్టుకోవడం, వలలు కోయడం, చేయి చేసుకోవడం జరిగాక, రెండు ఊళ్ళ కాపు పెద్దలూ (ఇక్కడ కాపు అంటే ఊరి పెద్ద, కులం కాదు) దురాయి వేశారు. అవతలి ఊరితో మాట కలపకూడదు, కొనకూడదు, అమ్మకూడదు, శుభకార్యానికి వెళ్ళకూడదు, అతిక్రమించినవాళ్ళు ఊరికి తప్పు, అంటే జరిమానా, కట్టాలి. ఈ కట్టుబాటు ఎవరి మీద ఎంత పడిందో విడివిడిగా అడిగి రాసుకోవడంతో మా పని మొదలైంది. మగవాళ్ళు సముద్రం మీద ఒకరికొకరు ఎదురుపడకుండా తిరగగలరు. అంత వెడల్పు అక్కడ ఉంది. ఒడ్డు మీద అది లేదు. చేపల వేలం పాట జరిగే ఇసక, ఐసు దొరికే షెడ్డు, నెల్లూరు బస్సు ఎక్కే చోటు ఉత్తరపు ఊరిలో ఉన్నాయి. దక్షిణపు ఊరి ఆడవాళ్ళు గంప నెత్తిన పెట్టుకుని ఆ ఇసక దాటకుండా ఒక్కరోజు వ్యాపారం కూడా చేయలేరు. ఉత్తరపు ఊరివాళ్ళు తాగే నీళ్ళ ప్లాంటు దక్షిణపు ఊరి పొలిమేరలో ఉంది. రెండు ఊళ్ళ మధ్య తరాలుగా ఇచ్చిపుచ్చుకోవడాలు ఉన్నాయి కాబట్టి, దురాయి వేసిన మర్నాటి నుంచి ఎంతోమంది ఆడవాళ్ళకు పుట్టిల్లు మూతపడింది. తల్లి దినానికి వెళ్ళినందుకు తప్పు కట్టిన కూతురు కూడా అందులో ఉంది. తగాదా పెట్టుకున్నవాళ్ళు ఒకరు, దాని బరువు మోసినవాళ్ళు మరొకరు అన్న సంగతి మా కాగితాల మీద స్పష్టంగా కనబడింది.

మొదటి రెండు రాజీల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. రెండూ అధికారుల సమక్షంలో, రెండు వైపులా పెద్దమనుషుల సంతకాలతో జరిగాయి. వల కన్ను ఎంత, వేట ఏ గంట నుంచి ఏ గంట దాకా, కోసిన వలలకు నష్టపరిహారం ఎంత అన్నవి వాటిలో ఉన్నాయి. ఒడ్డు గురించి ఒక్క ముక్క లేదు. రెండో రాజీ చెడిపోయింది కూడా సముద్రంలో కాదు. పాట ఇసక మీద దక్షిణపు ఊరి గంపను ఒకరు కాలితో తన్నారు, అడిగిన ఆమెను నోటికొచ్చినట్టు తిట్టారు, సాయంత్రానికి కర్రలు లేచాయి. పోలీసు కాగితాల్లో దాన్ని పాత వల తగాదా కొనసాగింపుగా రాశారు.

చాప, గది, కుర్చీ

చర్చలకు ఆడవాళ్ళనూ పిలవాలని మేము అడిగినప్పుడు రెండు ఊళ్ళ పెద్దలూ అనుకున్నదానికన్నా తొందరగా ఒప్పుకున్నారు. ఆ తొందరే మాకు అనుమానం కలిగించింది. వెనక చాప వేస్తామని ఒక ఊరు చెప్పింది. ఆడవాళ్ళకు వేరే కమిటీ వేద్దామనీ, వాళ్ళ సమస్యలు వాళ్ళు మాట్లాడుకుని మాకు చెప్తారనీ రెండో ఊరు చెప్పింది. రెండో ప్రతిపాదన వినడానికి మర్యాదగా ఉంటుంది, మా బృందంలోనే కొందరికి నచ్చింది కూడా. దాన్ని కాదనడానికి శ్రీలంక ఉదాహరణ ఉపయోగపడింది. అక్కడ ప్రభుత్వానికీ, తమిళులకు వేరే దేశం కోసం పోరాడిన ఎల్టీటీఈకీ మధ్య 2002 ఫిబ్రవరిలో కాల్పుల విరమణ కుదిరాక, నార్వే మధ్యవర్తిత్వంలో నడిచిన చర్చల్లో భాగంగా స్త్రీల అంశాలకు ఒక ఉపసంఘం వేశారు. అటు అయిదుగురు, ఇటు అయిదుగురు, అందరూ స్త్రీలే. 2003 మార్చిలో కిలినొచ్చిలో కూర్చున్నారు. పునరావాసం, భద్రత, రాజకీయ ప్రాతినిధ్యం వంటి గట్టి విషయాలే పట్టికలో పెట్టుకున్నారు. కానీ వాళ్ళు నివేదించవలసిన అసలు బల్ల దగ్గర వాళ్ళు లేరు. ఏప్రిల్‌లో ఎల్టీటీఈ చర్చల నుంచి తప్పుకోగానే ఉపసంఘం పని కూడా ఆగిపోయింది. పక్క గదిలో కూర్చున్నవాళ్ళకు అసలు గది ఎప్పుడు మూతపడుతుందో నిర్ణయించే హక్కు ఉండదు.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి 1325వ తీర్మానాన్ని 2000 అక్టోబరు 31న ఆమోదించింది. శాంతి చర్చల్లో స్త్రీల భాగస్వామ్యం పెరగాలని అది దేశాలను కోరింది. అయినా ఐక్యరాజ్యసమితి లెక్కల ప్రకారమే 1992 నుంచి 2019 వరకు ప్రధాన శాంతి ప్రక్రియల్లో సంప్రదింపులు జరిపినవారిలో స్త్రీలు సగటున 13 శాతం, మధ్యవర్తుల్లో 6 శాతం, సంతకం చేసినవారిలో 6 శాతం. దూరదేశాల సంగతి మాత్రమే అనుకోనక్కర్లేదు. 2004 అక్టోబరులో హైదరాబాద్‌లో ప్రభుత్వంతో చర్చలకు కూర్చున్న నక్సలైట్ ప్రతినిధులు, మావోయిస్టు పార్టీ నుంచి ముగ్గురు, జనశక్తి నుంచి ఇద్దరు, అయిదుగురూ పురుషులే. ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో, నల్లమల అంచున ఉన్న ఊళ్ళలో ఆ సంఘర్షణను అనుభవించినవాళ్ళలో సగం ఆడవాళ్ళే అయినా, ఆ బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలన్న చర్చలో ఈ ప్రశ్న పెద్దగా వినబడలేదు. ఆహ్వానం మీద ఆధారపడితే ఎక్కడైనా ఫలితం ఇంతే.

ఆహ్వానంతో పని లేకుండా నియమం పట్టుకుని లోపలికి వెళ్ళిన ఉదాహరణగా ఉత్తర ఐర్లండ్ మహిళా కూటమిని మేము తీసుకున్నాం. అక్కడి చర్చలకు ప్రతినిధులను 1996 మే 30న ఎన్నిక ద్వారా ఎంచుకున్నారు. నియోజకవర్గాల్లో గెలిచే 90 స్థానాలకు అదనంగా, మొత్తం ఓట్లలో మొదటి పది స్థానాల్లో నిలిచిన పార్టీలకు తలా రెండు స్థానాలు ఇవ్వాలన్నది నియమం. సాయుధ ముఠాలతో సంబంధమున్న చిన్న యూనియనిస్టు (బ్రిటన్‌తోనే కలిసి ఉండాలనే) పార్టీలను చర్చల్లోకి తేవడానికి ఆ నియమాన్ని రూపొందించారు; స్త్రీల కోసం కాదు. ఎన్నికలకు కొన్ని వారాల ముందు పుట్టిన మహిళా కూటమి దాన్ని చదివి, ఒక శాతం ఓట్లతోనే తొమ్మిదో స్థానంలో నిలిచి రెండు స్థానాలు తెచ్చుకుంది. క్యాథలిక్ కుటుంబం నుంచి వచ్చిన మోనికా మెక్‌విలియమ్స్, ప్రొటెస్టెంట్ అయిన పెర్ల్ సాగర్ లోపలికి వెళ్ళారు. వాళ్ళు మాట్లాడుతుంటే ఎదుటి సభ్యులు కొందరు ఆవుల్లా అరిచేవారు. అయినా ఎవరి దయతోనో రాలేదు కాబట్టి వాళ్ళను లేచి వెళ్ళమనడం ఎవరి చేతిలోనూ లేకపోయింది. 1998 ఏప్రిల్ 10న కుదిరిన ఒప్పందంలో రాజకీయాల్లో స్త్రీల పూర్తి సమాన భాగస్వామ్యపు హక్కు, హింసలో నష్టపోయినవారి గుర్తింపు, రెండు మతాల పిల్లలూ కలిసి చదివే బడులు, పౌర వేదిక వంటి అంశాలు చోటు చేసుకోవడంలో ఆ కూటమి పాత్ర ఉంది.

ఇక్కడ మన ఊళ్ళలో పెద్దల సభలో మాట చెల్లడానికి పడవ ఉండాలి, లేదా పడవ ఉన్న వంశం అయి ఉండాలి. పడవ ఆడవాళ్ళ పేర ఉండదు. కూలికి వెళ్ళే మగవాళ్ళకు కూడా ఆ సభలో పెద్దగా మాట లేదు, ఆ సంగతి వాళ్ళకు ఎప్పటినుంచో కడుపులో ఉంది. అందుకని స్త్రీలకు ఇన్ని కుర్చీలు అని మేము అడగలేదు. చేపకు సంబంధించిన పని ఎన్ని రకాలో అన్ని వర్గాలకూ సమానంగా కుర్చీలు ఉండాలన్నాం: పడవ యజమానులు, పడవ మీద కూలీలు, కొనుగోలు చేసే సావుకార్లు, గంపల్లో చేపలు అమ్ముకునే గంపలవాళ్ళు. గంపల వర్గం మొత్తం ఆడవాళ్ళే కాబట్టి ఆ కుర్చీ వాళ్ళకు పని వల్ల వచ్చిన కుర్చీ అవుతుంది. కూలీల వర్గం ఈ నియమాన్ని గట్టిగా పట్టుకుంది, తమ లాభం తాము చూసుకుని. ఆడవాళ్ళ హక్కుకు మద్దతుగా ఒక్క మగవాడి చేత ప్రసంగం చేయించే అవసరం మాకు కలగలేదు.

ఆడపడుచు మాట

కుర్చీ వచ్చినంత మాత్రాన నోరు రాదు. చర్చలు రాత్రిపూట గుడి ముందు జరిగే ఆనవాయితీ ఉంది. రాత్రి వేళ, గుడి దగ్గర, నెలలో కొన్ని రోజులు ఆడవాళ్ళు రాలేరు. తెల్లవారుజామున పాట, తర్వాత బజారు. అందుకని కూర్చోవడాన్ని మధ్యాహ్నానికి, తుఫాను షెల్టరుకు మార్చాం. అంతకన్నా కష్టమైన అడ్డంకి వరసలు. కోడలు మామగారి ముందు, బావగారి ముందు గొంతెత్తి మాట్లాడదు. ఆమె కుర్చీ ఆమెకు ఉంటుంది, మాట మాత్రం భర్త నోటి నుంచి వస్తుంది. పంచాయతీల్లో సగం స్థానాలు స్త్రీలకు కేటాయించిన తర్వాత కూడా సర్పంచి కుర్చీ పక్కన మరో కుర్చీ వేసుకుని కూర్చునే భర్తలను చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు.

దారి గంపలవాళ్ళే చూపించారు. దక్షిణపు ఊరు తమ తరఫున పంపినవాళ్ళలో ఒకామె ఉత్తరపు ఊరిలో పుట్టిన మనిషి. దక్షిణపు ఊరిలో ఆమె కోడలు. ఉత్తరపు ఊరి పెద్దల ముందు ఆడపడుచు. ఆడపడుచుకు పుట్టింటి మగవాళ్ళను నిలదీసే చనువు మన దగ్గర ఎప్పుడూ ఉంది. మొదటి రోజునే ఆమె ఉత్తరపు ఊరి కాపును చూసి, "అన్నా, మీ వల సంగతి మీరూ వాళ్ళూ తేల్చుకోండి. నేను ఈ ఊళ్ళో పుట్టినదాన్ని, ఈ ఇసక మీద నా గంప దించుకోవడానికి ఎవరిని అడగాలో అది చెప్పు" అంది. ఆ మాటను వేరే ఊరి కోడలు అని ఉంటే గొడవ అయ్యేది. అన్న అన్నాక ఆయన జవాబు చెప్పక తప్పలేదు. ఉత్తరపు ఊరు కూడా దక్షిణపు ఊరి ఆడపడుచునే తన ప్రతినిధిగా పంపింది. పుట్టింటి పక్షం వహిస్తుందన్న అనుమానం రెండు వైపులా ఉంది. రెండు వైపులా ఒకే తీరుగా ఉండడం వల్ల అది చర్చను ఆపలేదు. మా శిక్షణ పుస్తకాల్లో ఎక్కడా లేని పద్ధతి ఇది, ఈ తీరంలో పనిచేసేవాళ్ళు మళ్ళీ వాడుకోదగినది.

ఒక పెద్దాయన దూబగుంట మాట ఎత్తాడు. కలిగిరి మండలంలోని ఆ ఊరి నుంచి మొదలై, 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలం పాటలు జరగకుండా ఆపి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారి తీసిన ఉద్యమం మన ఆడవాళ్ళదే కదా, వాళ్ళకు కొత్తగా ఎవరు ఏం ఇవ్వాలి అని. మాట నిజమే, ఆ ఉద్యమాన్ని తలుచుకోకుండా నెల్లూరులో ఎవరూ ఈ విషయం మాట్లాడలేరు. కానీ నా ఉద్దేశంలో జరుగుతున్నదాన్ని ఆపే బలం వేరు, జరగబోయేదాన్ని రాసే అధికారం వేరు. మొదటిదానికి ఆడవాళ్ళు రోడ్డు మీదికి వస్తే సరిపోయింది. రెండోదానికి కాగితం రాసేటప్పుడు పక్కన ఉండాలి.

కాగితంలో ఏం మారింది

గంపలవాళ్ళు తమ సమస్యలే చెప్తారని పెద్దలు అనుకున్నారు. వాళ్ళు బయటపెట్టిన మొదటి పెద్ద విషయం అప్పు. రింగు వల కొన్న ఇళ్ళలో సావుకారు అడ్వాన్సు ఒకటే కాదు, భార్య పేర పొదుపు సంఘం నుంచి తీసిన రుణం కూడా ఉంది. వల ఆపితే అడ్వాన్సు తీరదు, వాయిదా తప్పితే సంఘంలో మిగతా ఆడవాళ్ళ మీద పడుతుంది. ఎంత బతిమాలినా, ఎంత తప్పు వేసినా ఉత్తరపు ఊరు వల ఎందుకు మానడం లేదో అప్పుడు అర్థమైంది. మగవాళ్ళు పరువు కోసం ఆ సంగతి రెండు రాజీల్లోనూ చెప్పలేదు. సావుకార్లు కూడా అదే బల్ల దగ్గర ఉన్నారు కాబట్టి అడ్వాన్సు వసూలు గడువు పెంచడం, దానికి బదులు ఒడ్డుకు దగ్గరలో రింగు వల వేయకపోవడం అన్న బేరం కుదిరింది. వల వివాదంలో ముడి విడిపోయింది అక్కడే.

ఒడ్డు గురించి రాసిన భాగం వల భాగం కన్నా పొడవుగా వచ్చింది. ఏ దురాయి అయినా దారి, పాట ఇసక, తాగునీళ్ళు, బడి, ఆసుపత్రి, పుట్టింటి శుభాశుభాలకు వర్తించదని మొదటి వాక్యం. గంప మీద చేయి వేసినా, నోరు జారినా కట్టే తప్పు డబ్బు ఊరి నిధికి కాక, అవమానపడిన మనిషికే చెందాలని గంపలవాళ్ళు పట్టుబట్టారు. తప్పు డబ్బు గుడికి వెళ్ళడం పాత అలవాటు కాబట్టి దీనిమీద చాలాసేపు నడిచింది. స్త్రీ మీద దాడి జరిగితే దాన్ని ఊరి రాజీలో తేల్చకూడదు, పోలీసు కేసు పెట్టుకునే హక్కుకు ఏ దురాయీ అడ్డు రాకూడదు అన్న వాక్యం మా వైపు నుంచి పెట్టిన షరతు. అది లేకపోతే మేము మధ్యవర్తులుగా ఉండబోమని ముందే చెప్పాం. మధ్యవర్తిత్వం పేరుతో ఆడవాళ్ళ మీద నేరాలను సర్దుబాటు చేయడం మన పల్లెల్లో ఉన్న పెద్ద జబ్బు.

సైప్రస్ ఉదాహరణ ఇక్కడ పనికొచ్చింది. 1974 నుంచి రెండుగా చీలిన ఆ ద్వీపంలో గ్రీకు, టర్కీ సమాజాల స్త్రీలు 2009లో ఒక సలహా బృందంగా ఏర్పడి, నాయకులు చర్చించే అధ్యాయాలనే తీసుకున్నారు. పరిపాలన, పౌరసత్వం, ఆస్తి, ఆర్థిక వ్యవస్థ, వీటిలో ప్రతిదానిలో స్త్రీకి ఏం జరుగుతుందో రాశారు. ఇవన్నీ స్త్రీల విషయాలు కావని ఎవరైనా అంటే ఒక్క సంగతి చాలు: దక్షిణ భాగంలో నిర్వాసితులకు ఇచ్చే కార్డు చాలా ఏళ్ళపాటు నిర్వాసితుడైన తండ్రి పిల్లలకు వచ్చేది, నిర్వాసితురాలైన తల్లి పిల్లలకు వచ్చేది కాదు, దానితో ఇంటి సాయం కూడా పోయేది. యూరపు మానవ హక్కుల న్యాయస్థానం 2015లో దీన్ని వివక్షగా తేల్చింది. మా కేసులో నష్టపరిహారపు జాబితా చూస్తే అదే కనబడింది: పడవ యజమానులు, కూలీలు, అందరూ మగ పేర్లు. పోయిన వ్యాపారం, పాడైన చేప, కూలి మనిషి పోయిన వితంతువు ఇల్లు అందులో లేవు. మూడో ఒప్పందంలో జాబితాను ఇంటి లెక్కన కాక పని లెక్కన తిరగరాశాం.

ఇలాంటి ఒప్పందాలకు కోర్టు డిక్రీ బలం లేదు. 2023 మధ్యవర్తిత్వ చట్టం సమాజ మధ్యవర్తిత్వానికి ఒక అధ్యాయం కేటాయించినా, అందులో కుదిరిన ఒప్పందాన్ని సివిల్ కోర్టు డిక్రీలా అమలు చేయించలేమని అదే చెప్తుంది. కాబట్టి కాపలా ఎవరిదన్నది ముఖ్యం. ఉత్తర ఐర్లండ్‌లో మహిళా కూటమి సాధించిన పౌర వేదిక 2002 తర్వాత సమావేశం కాలేదు. 2003 ఎన్నికల్లో ఆ కూటమి తన స్థానాలు పోగొట్టుకుంది, 2006లో రద్దయింది. రాసిన వాక్యాన్ని రోజూ పట్టించుకునే మనిషి లేకపోతే అది కాగితంలోనే ఉంటుంది. మా ఒప్పందంలో ఒడ్డు మీద గొడవ జరిగితే మొదటి ఫోను రెండు ఊళ్ళ గంపల ప్రతినిధులకు వెళ్ళాలి, వాళ్ళిద్దరూ మాట్లాడుకున్నాకే పెద్దలకు చేరాలి అని రాశాం. పాట జరిగేటప్పుడు ఇసక మీద ఎలాగూ ఉండేది వాళ్ళే.

నిలిచినవి, నిలవనివి

ఒడ్డు భాగం నిలిచింది. గంపల మీద చిన్న గొడవలు వచ్చాయి, ఫోన్ల దగ్గరే ఆగాయి. తప్పు డబ్బు ఒకామె చేతికి అందింది. ఆ తర్వాత ఇసక మీద మాటలు కొంత జాగ్రత్తగా వస్తున్నాయని రెండు ఊళ్ళవాళ్ళూ చెప్పారు. వల భాగం అంత గట్టిగా లేదు, చేప తక్కువ పడిన నెలల్లో ఎవరో ఒకరు గీత దాటుతూనే ఉన్నారు. దక్షిణపు ఊరి ప్రతినిధుల్లో ఒకామె ఇంట్లో ఒత్తిడి తట్టుకోలేక తప్పుకుంది. ఎండుచేపలు అమ్ముకునే ముసలివాళ్ళ మాట గంపల వర్గంలో కూడా కిందికే పోతోంది. ఆడవాళ్ళంతా ఒకటే అనుకుంటే ఇలాంటివి కనబడవు.

యానాది కుటుంబాల విషయం మిగిలిపోయింది. కాలువ ముఖం దగ్గర పీతలు, రొయ్యలు పట్టుకుని బతికే ఆ కుటుంబాల ఆడవాళ్ళు కూడా అదే ఇసక మీద అమ్ముకుంటారు, గొడవలప్పుడు మొదట వాళ్ళనే తరుముతారు. పని లెక్కన కుర్చీ అన్న నియమం ప్రకారం వాళ్ళకూ చోటు రావాలి. చర్చలన్నింటిలో రెండు ఊళ్ళ పెద్దలూ ఒక్క మాట మీద నిలబడిన సందర్భం వాళ్ళను కూర్చోబెట్టకూడదనడమే. నియమాన్ని మేము రాసిన తీరులో "ఊరి గంపలవాళ్ళు" అని ఉంది. ఊరు అంటే ఎవరు అన్న వాదన అక్కడ లేచింది.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం. పడవలు ఒడ్డున ఉండే ఆ రోజుల్లోనే ఒప్పందాన్ని ఏటా తిరిగి చూడాలని రాసుకున్నాం. ఈసారి చర్చాంశాల పట్టికలో యానాదుల కుర్చీని మొదటి అంశంగా రాయించినవాళ్ళు దక్షిణపు ఊరి గంపలవాళ్ళు. వాళ్ళ లెక్క వాళ్ళకుంది: పీతలు తెచ్చే మనిషి ఇసక మీద లేకపోతే నెల్లూరు కొనుగోలుదారు రావడం తగ్గుతుంది. పెద్దలు పట్టిక మీద ఇంకా సంతకం చేయలేదు.